తండ్రిగారి పెట్టెలోని పుస్తకము

తర్పణము విడుచు వేళ తెలుగువాడు మూడు తరముల పేర్లు చెప్పును. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. నాలుగవ పేరు చెప్పవలెనను విధి లేదు. ముత్తాతను దాటిన పెద్దలు తమ పేర్లను విడిచి పితృగణములో కలిసిపోవుదురు. ఈ లెక్క ఏర్పరచిన పూర్వులకు మనుష్యుని జ్ఞాపకము ఎంత దూరము నడువగలదో బాగుగా తెలిసియుండవలెను. తర్పణము లేని మతములవారి యిండ్లలో కూడ స్థితి ఇంతే. నాలుగవ తరపు పెద్దను పేరుపెట్టి చెప్పగల బాలురు ఏ తరగతి గదిలో వెదకినను ఒకరిద్దరికి మించి దొరకరు.

రెండవ ప్రపంచయుద్ధములో విమానములు నడిపిన తండ్రులు సరిగా ఈ గట్టుమీదికి వచ్చి నిలిచియున్నారు. 1942లో ఇరువది యేండ్ల యువకుడు నేడు జీవించియున్నయెడల నూరు దాటియుండును. ఆయన కుమారులును కుమార్తెలును డెబ్బదియో ఎనుబదియో నిండినవారు; ఆయనను 'నాన్నగారూ' అని పిలిచినవారు వీరు మాత్రమే. మనుమలు ఆయనను చేతికఱ్ఱ పట్టుకొని వరండాలో కూర్చున్న తాతగా నెఱుగుదురు. మునిమనుమలు నేడు పాఠశాలలలో చదువుచున్నారు. వారికి ఆయన గోడమీది పటము. పటమునకు దండ యుండును, క్రింద తేదీ యుండును. ఆయన ఏ విమానము నడిపెనో, ఏ రాత్రి భయపడెనో అందులో ఉండదు.

ఈ మాట ఏ ఊరనైనను చెప్పవచ్చును. విశాఖపట్టణములో చెప్పుటకు ప్రత్యేకమైన కారణము కలదు.

1942 ఏప్రిల్ 6వ తేదీ సోమవారము. ముందునాడు ఈస్టరు ఆదివారము. ఆనాడు జపాను విమానములు కొలంబో రేవును కొట్టినవి. మరునాడు అడ్మిరల్ ఒజావా నాయకత్వమున బంగాళాఖాతములో ప్రవేశించిన మరియొక నౌకాదళము రియూజో అను విమానవాహక నౌకనుండి విమానములను పంపి, విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేయించెను. ఆ కొలది దినములలో ఆ దళము తూర్పుతీరపు సముద్రములో ముంచివేసిన నౌకలు ఇరువది దాపున నుండును. అప్పటికి విశాఖ రేవు తెరచి తొమ్మిదేండ్లయినను నిండలేదు, 1933లో తెరచినారు. నౌకానిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్ర ప్రసాదుగారు శంకుస్థాపన చేసినది 1941 జూన్ 21న. అనగా పదినెలల క్రిందట. ఉక్కు కర్మాగారము ఇంకను ఎవరి ఊహలోను లేదు. చేపల జాలరులు, రేవు కూలీలు, కొలదిమంది వకీళ్లు, విశ్వవిద్యాలయపు విద్యార్థులు గల చిన్న పట్టణమది. బాంబులు పడిన పిమ్మట ఊరిలో సగము బండ్లు కట్టించుకొని పల్లెలకు తరలిపోయెను. విశ్వవిద్యాలయపు భవనములు సైన్యము వశమయినవి. విశ్వవిద్యాలయము గుంటూరునకు పోయెను. ఆనాటి జపాను బాంబు ఒకటి బీచిరోడ్డులోని విశాఖ మ్యూజియములో నేటికిని కలదు. బడిపిల్లలు దానిని చూచి, దానిప్రక్కన నిలుచుండి ఫోటోలు తీయించుకొందురు.

బాంబును భద్రపరచుకొన్న ఊరు, ఆనాడు తన ఆకాశమును కాచినవారిని భద్రపరచుకొన్నదా? ఈ ప్రశ్న అడుగవలసియున్నది.

ఆనాడు కాచినవారు ఉండిరి. యుద్ధము రాగానే భారత వైమానిక దళమునకు అనుబంధముగా స్వచ్ఛంద సేవకులతో ఒక దళము ఏర్పడెను. ఫ్లయింగ్ క్లబ్బులలో సరదాకో, ఉద్యోగమునకో విమానము నడుపుట నేర్చినవారు పలువురు అందులో చేరిరి. వారిని సముద్రతీర రక్షణకై చిన్న చిన్న జట్లుగా విభజించి మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ మొదలైన రేవులలో ఉంచినారు. వానిలో ఆరవ జట్టు విశాఖపట్టణములోనిది. వారికిచ్చిన విమానము వాపిటి. పైన కప్పు లేదు. ఒకదానిపై నొకటి రెండు జతల రెక్కలు, ఆ రెక్కలమీద గుడ్డ. 1933లో మన వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ ఏర్పడినప్పుడు దానికి దొరికిన నాలుగు విమానములును ఇవియే. 1942 నాటికి అవి వస్తుప్రదర్శనశాలకు పోవలసిన సరకు. గంటకు 140 మైళ్ల వేగమనిన వానికి పరుగుపందెము. అట్టి విమానములో కూర్చుండి, ముఖమునకు ఉప్పుగాలి కొట్టుచుండగా, క్రింద అంతులేని నీరు తప్ప మరియొకటి కానరాని సముద్రముమీదికి ఈ యువకులు పోయిరి. ఒంటి ఇంజను. అది ఆగినయెడల దిగుటకు నేల లేదు. వారు వెదకబోయినది విమానవాహక నౌకలను, క్రూయిజరులను. ఆ ఏప్రిల్ నెలలో విశాఖ జట్టులోని విమానమొకటి జపాను నౌకలను సముద్రముమీద కనుగొనినట్లు మన వైమానిక దళ చరిత్రలు చెప్పుచున్నవి. కనుగొని, తిరిగివచ్చి, చెప్పుట. వారి యుద్ధమంతయు ఈ మూడు మాటలలో నున్నది.

అదే వారములో, ఏప్రిల్ 4న, సింహళమునకు దూరముగా దక్షిణ సముద్రములో జపాను ప్రధాన నౌకాదళమును కనుగొన్న కెనడా దేశస్థుడు లెనర్డ్ బర్చల్ అను పైలటు కలడు. వార్త పంపుచుండగనే ఆయన విమానమును కూల్చివేసిరి. యుద్ధము ముగియువరకు జపానువారి చెరలో నుండి, తిరిగివచ్చి, 2004 వరకు జీవించెను. కెనడాలో ఆయనను 'సింహళ రక్షకుడు' అని బాలురకు పాఠములు చెప్పుదురు. విశాఖ జట్టులోని వాపిటి నడిపినవారి పేర్లు విశాఖలో ఏ బాలునికి చెప్పినారు? ఏ పాఠములో ఉన్నవి?

ఆ సంవత్సరాంతమున తీరరక్షణ జట్లను ఎత్తివేసి వానిలోనివారిని క్రొత్త స్క్వాడ్రనులలో చేర్చినారు. ఇక్కడ విశాఖవాసులలో పదిమందికి నొకరికైనను తెలియని సంగతి యొకటి యున్నది. నేటికిని మన వైమానిక దళములో ప్రసిద్ధి వహించిన ఏడవ స్క్వాడ్రన్, 1999 కార్గిల్ యుద్ధములో మిరాజ్ విమానములతో పర్వతశిఖరములను కొట్టిన స్క్వాడ్రన్, పుట్టినది విశాఖపట్టణములో. 1942 డిసెంబరు 1న. బాంబులు పడి ఎనిమిది నెలలయినను నిండకముందే, ఆ ఊరి నేలమీదనే, బాంబులు వేయు దళము తయారయ్యెను.

వారికిచ్చినవి వెంజెన్స్ అను అమెరికా విమానములు. రెండే ఆసనములు. ముందు పైలటు, వెనుక తుపాకివాడు. వేల అడుగుల ఎత్తునుండి ముక్కు నేలకు పెట్టి ఇంచుమించు నిట్టనిలువుగా దిగి, బాంబు విడిచి, మరల పైకి లేవవలెను. లేచునప్పుడు శరీరములోని రక్తమంతయు కాళ్లలోనికి దిగి కండ్లు చీకట్లు క్రమ్మును. వెనుకవాడు, వీపు పైలటువైపు పెట్టి, తాను వదలివచ్చిన ఆకాశమును చూచుచు దిగును. ముందువాని చేతిమీది నమ్మకము తప్ప వానికి వేరు ఆధారము లేదు. ఈ స్క్వాడ్రన్ 1944లో ఇంఫాలు, బర్మా సరిహద్దుల అడవులమీద పోరాడెను.

ఆ అడవులు తెలుగువారికి తెలియనివి కావు. విశాఖ, శ్రీకాకుళపు పల్లెలనుండి వేలకు వేలు కూలీలు ఓడలెక్కి రంగూను పోయి బ్రతికిన కాలమది. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా, వారు ఆ కొండలమీదుగానే, పిల్లలను భుజములపై నెక్కించుకొని, దారిలో కొందరిని పూడ్చిపెట్టి, నడిచి ఇల్లు చేరిరి. తరువాతి దశాబ్దములలో బర్మానుండి వచ్చినవారు నిలిచిన పేటను విశాఖలో నేటికిని బర్మా క్యాంపు అనియే పిలుచుచున్నారు. నడిచివచ్చిన తండ్రి యొకడు, ఎగిరిపోయిన తండ్రి యొకడు. ఇద్దరి దారియు ఒకే అడవి. ఇద్దరి పిల్లలును తరువాత ఒకే బల్లమీద కూర్చుండి చదివియుందురు. ఒకరి కథ నొకరికి ఎవరైనను చెప్పినారో లేదో!

చెప్పకపోవుటకు కారణము లేకపోలేదు. 1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానమయ్యెను. దేశమంతయు చెరసాలకు పోవుచున్న ఆ దినములలో వీరు ఇంగ్లండు రాజు ముద్ర గల దుస్తులు ధరించి విమానమెక్కిరి. ఒకే యింట అన్న జైలులోను, తమ్ముడు ఆకాశములోను ఉన్న కుటుంబములు దేశమున లేకపోలేదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మట అన్నకు పూలదండ దొరికెను. తమ్ముడు తన పతకములను పెట్టెలో వేసి తాళము వేసెను. పిల్లలు అడిగినప్పుడు, 'ఏమున్నదిరా, ఉద్యోగము చేసితిమి' అని ఊరకుండెను.

జీతమునకు పోయిరి అనువారు నేటికిని కలరు. జీతమునకే పోయిరి కాక! ఇంటిలో చెల్లెళ్ల పెండ్లిండ్లుండెను, తండ్రికి పింఛను లేదు. అయినను జీతమునకు పోవువాడు గుడ్డ రెక్కల విమానములో సముద్రముమీదికి పోనక్కరలేదు. తాలూకా కచ్చేరీలో గుమాస్తా పని దొరకకపోదు. ఈ తర్కమును ప్రక్కనుంచి వేరొక సంగతి చూడవలెను. 1947 అక్టోబరు 27న కాశ్మీరమును కాపాడుటకు డకోటా విమానములు శ్రీనగరములో దిగినవి. స్వరాజ్యము వచ్చి అప్పటికి రెండున్నర నెలలు కూడ కాలేదు. ఆ రెండున్నర నెలలలో క్రొత్తగా నేర్చుకొన్న పైలటులు కారు వారు. రాజుగారి యుద్ధములో నేర్చుకొన్నవారే. 1945లో తగిలించిన 'రాయల్' అను మాట 1950లో మన వైమానిక దళము పేరునుండి రాలిపోయెను. మనుష్యులు వారే. విమానము నడుపు చేయి అదే.

తండ్రి చెప్పకపోయినను కొందరి కథలు బయటికి వచ్చినవి. ఎట్లు వచ్చినవో గమనింపదగియున్నది. బర్మా యుద్ధములో ఏడవ స్క్వాడ్రనుకు నాయకుడై, 1971 యుద్ధకాలమున వైమానిక దళాధిపతియైన ప్రతాప్ చంద్ర లాల్ 1982లో మరణించినారు. తన జ్ఞాపకములను ఆయన పుస్తకరూపమున పూర్తిచేయలేదు. 1986లో ఆ పుస్తకము వెలువడుటకు కారణము ఆయన భార్య ఇలా లాల్. హైదరాబాదులో 1923లో జన్మించిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1942లో పదునెనిమిదేండ్ల ప్రాయమున వైమానిక దళములో చేరి, మొదట కరాచీ తీరమున ఇట్టి పాతకాలపు విమానములే నడిపి, పిమ్మట బర్మా యుద్ధములో పాల్గొనెను. దేశవిభజనలో భారతదేశముననే నిలిచి, 1978 మొదలు 1981 వరకు వైమానిక దళాధిపతిగా నుండి, 2018లో హైదరాబాదులోనే కన్నుమూసెను. ఆయన జీవితచరిత్రను వ్రాసినది కూడ ఆయన భార్య బిల్కీస్ లతీఫ్. ఆమె పేరు పొందిన రచయిత్రి.

రెండు చోట్లను ఇంటివారు పూనుకొన్నారు. ప్రభుత్వము గాదు, విశ్వవిద్యాలయము గాదు. ఇద్దరును దళాధిపతుల భార్యలు కావున పుస్తకమునకు ప్రకాశకులు దొరికిరి. వెంజెన్స్ విమానములో వెనుక ఆసనమున వీపుచూపి కూర్చున్న సార్జంటు కుమార్తె వ్రాసినచో ఎవరు అచ్చువేయుదురు? ఆమె వ్రాయదు, వ్రాయవచ్చునని ఆమెకు ఎవరును చెప్పలేదు.

వ్రాత లేనందున ఏమి పోవునో తెలిసికొనుటకు ఒక్క ఉదాహరణ చాలును. కన్నడ దేశములోని కొడగు ప్రాంతమువాడు స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య. 1965 సెప్టెంబరు 7న సర్గోధా విమానాశ్రయముపై దాడికి పోయిన మిస్టేర్ విమానములలో ఆయన విమానమును కలదు. అది తిరిగిరాలేదు. ఏమయ్యెనో ఇక్కడివారెవరును చూడలేదు. కనబడుటలేదని వ్రాసికొని కాగితము మూసివేసిరి. పదునాలుగేండ్లు గడచినవి. 1979లో జాన్ ఫ్రికర్ అను ఆంగ్లేయ రచయిత పాకిస్తానువారి సహకారముతో ఆ యుద్ధమును గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. తమ స్టార్‌ఫైటరు ఒకటి ఆనాడు ఒక మిస్టేర్‌తో పోరాడి కూలినదని అందులో నుండెను. ధ్వనికంటె రెండింతలు వేగముగా పోగల విమానమును, తనకంటె మిక్కిలి బలహీనమైన విమానముతో ఎదిరించి పడగొట్టినవాడు దేవయ్య తప్ప వేరొకరు కారాదని ఆయనతో పనిచేసిన అధికారులు లెక్కలు సరిచూచి నిరూపించినారు. 1988లో, ఇరువది మూడేండ్ల తరువాత, ఆయనకు మహావీర చక్ర ప్రకటించిరి. ఆ పతకమును ఆయన భార్య అందుకొన్నది. తండ్రి యెట్లు మరణించెనో బిడ్డలకు శత్రుపక్షపు పుస్తకము చెప్పవలసివచ్చెను.

దేవయ్యకు ఆలస్యముగానైనను సాక్ష్యము దొరికెను. అందరికి దొరకదు. 1971 యుద్ధములో కనబడకపోయినవారని మన ప్రభుత్వము చెప్పు 54 మందిలో పైలటులు పలువురు. వారి బంధువులు కొందరు 2007లో పాకిస్తాను జైళ్లకు పోయి వెదకి, వట్టి చేతులతో తిరిగివచ్చిరి. విశాఖకు ఈ బాధ క్రొత్తది కాదు. 2016 జూలై 22న తాంబరమునుండి పోర్టుబ్లెయిరుకు పోవు వైమానిక దళపు ఏ.ఎన్.32 విమానము 29 మందితో సముద్రముమీద మాయమయ్యెను. అందులో విశాఖలోని నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు ఎనిమిదిమంది. అది యుద్ధము కాదు, వారు పైలటులు కారు. కాని సముద్రమువైపు చూచుచు పెరిగిన పిల్లల సంగతి రెండు చోట్లను ఒకటే. ఏడున్నర యేండ్ల తరువాత, 2024 జనవరిలో, చెన్నపట్టణపు తీరమునకు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున ఆ శకలములు కానవచ్చినవని ప్రకటించిరి. బాలురు ప్రపంచమంతట చదువు ఒక చిన్న పుస్తకమును వ్రాసిన ఫ్రెంచి పైలటు సేంట్ ఎగ్జుపెరీ 1944 జూలై 31న మధ్యధరా సముద్రముమీద కనబడకపోయెను. ఆయన చేతిగొలుసు 1998లో ఒక జాలరి వలలో పడెను. ఏబది నాలుగేండ్లకు!

రెండవ యుద్ధములో ఆగ్నేయ, దక్షిణ ఆసియాల ఆకాశములలో పోయి, సమాధియైనను దొరకని వైమానికుల పేర్లు సింగపూరులోని క్రాంజి స్మారకముపై రాళ్లలో చెక్కబడియున్నవి. అక్కడ రాతిలో ఉన్న పేరు ఇక్కడ కాగితములోనైనను ఉండవలదా?

విశాఖ సముద్రతీరమున సాయంకాలము నడచువారికి యుద్ధస్మృతులు కొల్లలు. 1971 విజయమునకు గుర్తుగా 1996లో కట్టిన స్మారకము. ఇసుకమీదికి లాగి నిలిపిన కుర్సురా జలాంతర్గామి, 2002నుండి మ్యూజియము. రోడ్డు కావలిప్రక్కన టి.యు.142 విమానము, 2017లో విశ్రాంతి తీసికొని ఆ సంవత్సరమే అక్కడ వచ్చి కూర్చున్నది. ఆదివారమునాడు అక్కడ జనము ఇసుక వేసిన రాలదు. ఇవి ఉండుట మంచిదే. పిల్లలకు యంత్రములు చూపక ఏమి చూపుదురు? కాని యంత్రము ప్రక్కన ఇంజనుల సంఖ్య, రెక్కల పొడవు, ఎగిరిన గంటలు వ్రాసియుండగా, విమానమెక్కిన బాలుడు అడుగు ప్రశ్న ఇంజనును గూర్చి కాదు. ఆసనముమీద చేయివేసి, 'ఇక్కడ ఎవరు కూర్చుండిరి?' అని అడుగును.

1971 సంగతి ఈ విషయమున ఇంకను చేజారలేదు. డిసెంబరు 3, 4 తేదీల మధ్యరాత్రి విశాఖ రేవు వెలుపల పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిన కథ ప్రతి విద్యార్థికి కంఠస్థము. ఆ ఘాజీ ఎవరిని వెదకుచు వచ్చెనో, ఆ విక్రాంత్ నౌకనుండి 4వ తేదీన సీహాక్ విమానములు లేచి కాక్స్ బజారును కొట్టినవి. సీహాక్‌లో ఒక్కడే కూర్చుండును. ఆలిజేలో ముగ్గురు. బాయిలరు చెడి వేగము తగ్గిన ఓడ అది. గాలి చాలక, తగిన వేగము లేక, ఆ చిన్న మేడమీదినుండి లేచుటయు, చీకటిలో దానిమీద దిగి తీగకు కొక్కెము తగిలించుటయు ఎంతటి పనియో పుస్తకములలో ఒక్క వాక్యముతో పోవును. ఆ పైలటుల పిల్లలకు నేడు అరువది యేండ్లకు అటునిటు. వారిలో పలువురు తమ తండ్రులనుండి వినియున్నారు. కొందరు తండ్రులు ఇంకను చెప్పగల స్థితిలో ఉన్నారు. 1942 తండ్రుల విషయమున జరిగిన ఆలస్యము వీరి విషయమున జరుగకుండ చూచుకొనుటకు కొలది సంవత్సరముల గడువు మాత్రమే కలదు.

అట్టి తండ్రుల యిండ్లలో తరచుగా ఒక పుస్తకముండును. లాగుబుక్కు అందురు. బడిలోని హాజరుపట్టీవలె వెడల్పుగా, గట్టి అట్టతో నుండును. విమానము నడిపిన ప్రతివాడును ప్రతిసారియు దిగిన పిమ్మట అందులో వ్రాయవలెను. తేదీ, విమానపు రకము, దాని సంఖ్య, పైలటు ఎవరు, వెంట ఎవరు, ఏ పని మీద పోయినది, పగలు ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు. నెలాఖరున మొత్తము కూడి అధికారిచేత సంతకము చేయింపవలెను. కథ వ్రాయు చోటు అందులో లేదు. పని పూర్తియైనచో మూడక్షరములు: డి.సి.ఓ. అనగా చెప్పిన పని చేసివచ్చితిని అని. ఆ మూడక్షరముల వెనుక ఆ దినము ఏమి జరిగెనో పుస్తకము చెప్పదు.

అయినను చదువ నేర్చినవారికి అది చాల చెప్పును. వెంట ఎవరు అను గడిలో ఆరు నెలలపాటు ఒకే పేరు వచ్చి, ఒక దినమునుండి వేరొక పేరు వచ్చును. ఏమి జరిగెను? బదిలీయా? ఒక వారము ఖాళీగా నుండును. జ్వరమా, సెలవా, ఆ వారముననే పెండ్లియా? ఒకచోట సిరా మారును. ఒకచోట చేతివ్రాత వణకును. కుమార్తె తన తండ్రి చేతివ్రాతను గుర్తుపట్టినట్లు చరిత్రకారుడు గుర్తుపట్టలేడు. చరిత్రకారునికి తెలిసిన విమానపు రకము కుమార్తెకు తెలియదు. ఇద్దరును ఒకచోట కూర్చుండి చదువవలసిన పుస్తకమది. కూర్చుండబెట్టువారే లేరు.

పెట్టెలోనున్న ఆ పుస్తకమునకు విశాఖ గాలి పరమశత్రువు. ఉప్పుతేమకు అట్ట ఉబ్బును, కుట్టు వీడును, సిరా పసుపుబారును. వెండిపురుగు మిగిలినది చూచుకొనును. ఇల్లు అమ్మి అపార్టుమెంటుకు మారు దినమున, ఈ పాత లెక్కల పుస్తకమెందుకని చిత్తుకాగితములవానికి వేసినవారును ఉండవచ్చును. తెలిసి చేసినది కాదు. ఇంగ్లీషు అంకెలు నిండిన పాత దస్తరమును చూచిన ఎవరికైనను అట్లే తోచును.

ఇందులో ఉపాధ్యాయులకు పని యున్నది. ఇది పెద్ద పని కాదు, నిధులక్కరలేదు. 'మా నాన్నగారు' అను వ్యాసము ప్రతి సంవత్సరము ప్రతి తరగతిలోను వ్రాయింపబడుచునే యున్నది. పిల్లలందరును ఒకే గైడునుండి దించి, తమ తండ్రి కష్టజీవి, ప్రేమమూర్తి, ఆదర్శపురుషుడు అని వ్రాయుదురు. నలువదిమంది తండ్రులు నలువది కాగితములమీద ఒకే మనుష్యుడగుదురు! దానికి బదులు, ఇంటిలో అందరికంటె పెద్దవారివద్ద కూర్చుండి వారి తండ్రిని గూర్చి అడిగి వ్రాయుమని చెప్పినచో? పైలటు తండ్రులు ఏ తరగతిలోనైనను ఒకరో ఇద్దరో తప్ప దొరకరు. మిగిలినవారికి రంగూనునుండి నడిచివచ్చినవాడు దొరకును, రేవులో మూటలు మోసినవాడు దొరకును, 1966లో ఉక్కు కర్మాగారము కావలెనని ఊరేగింపులో లాఠీ దెబ్బ తిన్నవాడు దొరకును. విశాఖ చరిత్ర అంతయు ఆ నలువది కాగితములలోనికి వచ్చును.

అడుగుటలో మాత్రము కొంచెము నేర్పు కావలెను. 'ఎన్ని విమానములు కూల్చినారు?' అని అడిగిన బాలునికి జవాబు రాదు. అట్లడిగినందువలననే వారి తండ్రులు కూడ ఊరకుండిరి. రాత్రి ఎక్కడ పడుకొనెడివారు, ఏమి తినెడివారు, ఇంటికి ఉత్తరము ఎన్నాళ్లకు చేరెడిది, వెనుక ఆసనములోని స్నేహితుడు ఏ ఊరివాడు, తిరిగివచ్చిన దినమున అమ్మగారు గుమ్మములో ఏమన్నది? ఇవి అడుగవలెను. యుద్ధములో పోరాడినవారి పిల్లలు తమ తండ్రులను గూర్చి తలచుకొను సంగతులలో యుద్ధము చాల తక్కువ. ఇంజను హోరుకు చెవి మందగించి, రేడియో ఊరంతటికి వినబడునట్లు పెట్టుకొన్న తండ్రి. పడుకొనబోవుముందు వాకిట నిలిచి మబ్బు ఎటు పోవుచున్నదో చూచిన తండ్రి. పొరుగువారి పిల్లవాడు కాగితపు విమానము విసరగా దాని రెక్క సరిచేసి ఇచ్చిన తండ్రి. ఏ మహావీర చక్రయు వీనికి రాదు. ప్రీతితో తలచుకొనబడు తండ్రి ఇట్టి చిల్లర సంగతులలోనే యుండును.

చిల్లర సంగతులతో పాటు పుస్తకములోని అంకెలు కూడ కావలెను. లాగుబుక్కు ఉన్నయింట దానిని ఇమ్మని అడుగరాదు. ఇయ్యరు, ఇయ్యవలసిన పనియు లేదు. ప్రతి పుటను ఫోటో తీసినచో చాలును. నేడు ప్రతివాని చేతిలోను ఉన్న ఫోను ఈ పనికి ఉపయోగించుట దానికి గౌరవమే. ఫోటోలు తీసిన పిమ్మట పాఠశాలలో ఒక ప్రతి, విశ్వవిద్యాలయపు గ్రంథాలయములో ఒక ప్రతి ఉంచవచ్చును. వేల పుటలు కూడినప్పుడు, ఏడవ స్క్వాడ్రన్ ఊరిలో నుండిన దినములలో ఎవరు ఎవరితో ఎగిరిరో ఒకరి పుస్తకముతో నొకరి పుస్తకమును సరిచూచి చెప్పవచ్చును. దేవయ్య విషయమున లెక్కలు సరిచూచినవారు చేసినదియు ఇట్టిదే.

ఏప్రిల్ 6వ తేదీన విశాఖ మ్యూజియములో బాంబు చూపుటకు పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులు, మరునాడు తరగతిలో ఈ పని చెప్పవచ్చును. నెల ముగియుసరికి వేసవి సెలవులు వచ్చును. పిల్లలు అమ్మమ్మగారిండ్లకు పోవుదురు. మధ్యాహ్నము అందరును నిద్రపోవుచుండగా ఆమెకు మాత్రము నిద్ర రాదు. తండ్రిగారి పెట్టె తాళపుచెవి ఆమె కొంగుననే యుండును. అడిగినచో తీసి చూపును.